కడుపుతో ఉన్నావు కదా, అంతే!

మే నెల. బయట ఎండ నలభై దాటింది. మియాపూర్‌లో మాది ఆఖరి అంతస్తు, నెత్తిమీద డాబానే. మా ఆయన బనీను కూడా విప్పేసి కూలర్ ముందు కూలబడేవాడు. నేనేమో కాళ్లకి సాక్సులేసుకుని, దుప్పటి ముసుగుతన్ని పడుకునేదాన్ని.

“ఈ ఎండలో నీకు చలేంటే బాబూ!” అని నవ్వేవాడు.

నాకూ నవ్వొచ్చేది. అప్పటికి నాకు ఏడో వారం. కిట్ మీద రెండు గీతలు చూసుకుని ఇంకా ఇరవై రోజులు కాలేదు. ఇంట్లో అందరం ఆ సంబరంలోనే ఉన్నాం. అంచేత నాకేమైనా సరే, అందరి దగ్గరా ఒకటే జవాబు రెడీగా ఉండేది.

నీరసంగా ఉందత్తయ్యా అంటే, “కడుపుతో ఉన్నావు కదా, అంతే!”

మూడ్రోజులైనా మోషన్ అవ్వట్లేదమ్మా అని ఫోన్లో గొణిగితే, “కడుపుతో ఉన్నప్పుడు అంతేనే. రాత్రి పడుకునేముందు అరటిపండు తిను.”

ఆఫీసులో మధ్యాహ్నం మూడింటికి కీబోర్డు మీదే తల వాల్చేస్తే పక్క సీటు అక్క భుజం తట్టి, “నాకూ మూడో నెల దాటేదాకా ఇంతే” అనేది.

వాళ్లని తప్పుపట్టలేను. కడుపు వచ్చిన కొత్తలో నిద్ర ముంచుకురావడం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, ఊరికే ఏడుపు రావడం అందరికీ ఉండేవే. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించినా సరిగ్గా ఇవే వస్తాయి. రెండూ ఒకేసారి వస్తే ఏది దేనివల్లో మొహం చూసి ఎవరూ చెప్పలేరు. నా విషయంలో కాస్త తేడాగా ఉన్నది ఆ చలి ఒక్కటే. మామూలుగా కడుపుతో ఉన్నవాళ్లకి ఉక్కపోస్తుంది. నాకు వణుకొచ్చేది.

అసలు సంగతేంటంటే, ఇదంతా కడుపు రాకముందే మొదలైంది. అంతకు ఏడాది ముందునుంచే స్నానం చేస్తే బాత్రూమ్ జాలీ నిండా జుట్టే. తిండి పెరక్కుండానే ఆరు కిలోలు పెరిగా. పీరియడ్స్ ఒక నెల ముందు, ఒక నెల వెనక, వస్తే మాత్రం ఎనిమిది రోజులు. చర్మం పొడిబారి మోచేతుల దగ్గర తెల్లటి చారలు. ఓటీపీ చూసి టైపు చేసేలోపు మర్చిపోయి మళ్లీ చూసుకునేదాన్ని. ఇవన్నీ విడివిడిగా కనిపించాయి కానీ ఒక్కటిగా ఎప్పుడూ కనిపించలేదు. జుట్టుకి ఆన్‌లైన్‌లో బయోటిన్ గమ్మీలు కొనుక్కున్నా. బరువుకి చపాతీలు మొదలెట్టా. మర్చిపోతున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నా.

మా వీధి చివర్నే ఉన్న నర్సింగ్ హోమ్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మామూలు టెస్టులన్నీ రాసింది. బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, షుగర్, వాటితో పాటు టీఎస్‌హెచ్. “మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?” అని అడిగింది. లేదన్నా. నిజంగానే లేదనుకున్నా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

మర్నాడు సాయంత్రం రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. అన్నీ మామూలు అక్షరాల్లో ఉన్నాయి, ఒక్కటి మాత్రం బోల్డ్‌లో ఉంది. టీఎస్‌హెచ్ 8.6. ఆ తర్వాత డాక్టరు ఇంకో రెండు టెస్టులు చేయించింది. ఫ్రీ టీ4 కింది అంచున ఉంది. యాంటీబాడీలు పాజిటివ్. అంటే నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే నా థైరాయిడ్ మీద దాడి చేస్తోందన్నమాట. “రోజూ పొద్దున్నే పరగడుపున 50 మైక్రోగ్రాముల బిళ్ళ వేసుకో. నాలుగు వారాల తర్వాత మళ్లీ టెస్టు చేయించుకుని రా” అంది. బయట ఇంకో ముప్ఫై మంది ఉన్నారు. నేనేమీ అడగలేదు, ఆవిడ ఇంకేమీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. “థైరాయిడ్ ఎక్కువుందంటమ్మా.”

మన దగ్గర అందరం ఇలాగే అంటాం కదా. నంబరు ఎక్కువొచ్చింది కాబట్టి థైరాయిడ్ ఎక్కువుంది. నా కథలో గొడవంతా ఈ ఒక్క వాక్యం దగ్గరే మొదలైంది.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి థైరాయిడ్‌కి వచ్చే ఆర్డరు. కూలీ పని సరిగా చేస్తుంటే మేస్త్రీ మెల్లగా మాట్లాడతాడు. పని జరగకపోతే గొంతు చించుకుంటాడు. టీఎస్‌హెచ్ ఆ మేస్త్రీ కేక. నంబరు పెరిగిందంటే కేక పెరిగిందని, అంటే కింద పని తగ్గిందని. నాకు ఎక్కువున్నది కేక. తక్కువున్నది థైరాక్సిన్ అనే హార్మోన్. బిళ్ళలో ఉండేది ఆ థైరాక్సినే. ఒళ్లు చేసుకోలేకపోతున్నదాన్ని బయటినుంచి ఇస్తున్నారు, అంతే.

ఇది ఇప్పుడు ఇంత తేలిగ్గా చెప్తున్నా. అప్పుడు తెలీదు. బీటెక్ చదివి కూడా తెలీదు.

తొమ్మిదో వారం దాటాక మా మేనమామ కూతురి పెళ్లికి తెనాలి వెళ్లా. పెళ్లింట్లో బ్యాగులోంచి సీసా తీస్తుంటే పెద్దమ్మ చూసింది. “మూడో నెల కూడా రాకుండా ఇంగ్లీషు మందులేంటే? బిడ్డకి వేడి చేస్తుంది” అంది. ఆవిడ మాటకి మానేశానని చెప్పడం నాకు సులువు. కానీ అది అబద్ధం. పెద్దమ్మ అన్నాక నేను మేడమీదికెళ్లి ఫోన్ తీశా. సీసా మీద పేరు వెతికా. థైరాయిడ్ హార్మోన్ అని వచ్చింది. నాకు ఒళ్లు చల్లబడింది. థైరాయిడ్ ఎక్కువుందని చెప్పి మళ్లీ థైరాయిడ్ హార్మోనే మింగిస్తున్నారేంటి? డాక్టరు పొరపాటున రాసిందేమో! ఇంకో రెండు రీల్స్ చూశా. ఒకావిడ ధనియాల నీళ్లతో తగ్గిపోయిందని చెప్తోంది. ఇంకొకాయన ఇవి మొదలెడితే జన్మంతా మానలేరని భయపెడుతున్నాడు.

ఆ రాత్రి నిర్ణయం నేనే తీసుకున్నా. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి ఫోన్ చేసి ఒక్క ముక్క అడిగితే అయిపోయేది. అడగలేదు. చదువుకున్నదాన్ని, వెతికి తెలుసుకున్నాననే ధీమా. ధనియాల నీళ్లు తాగుతూ 23 రోజులు బిళ్ళ మానేశా.

నాలుగు వారాల టెస్టులో 11.2 వచ్చింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు సర్దుకుంది. “మందు వాడుతున్నా పెరిగిందే” అని, తనలో తను లెక్కేసుకుంటూ కాగితం మీద పెద్ద డోసు రాయడం మొదలెట్టింది. నేను ఆ పెన్ను వంకే చూస్తున్నా. మాట్లాడకుండా ఊరుకుంటే ఆవిడ నా అబద్ధాన్ని బట్టి మందు రాస్తుంది. నిజం చెప్తే పక్కనే కూర్చున్న మా ఆయన వింటాడు. ఆయనక్కూడా తెలీదు మరి.

“మేడమ్, నేను వేసుకోలేదు” అన్నా.

పెన్ను ఆగింది. తిడుతుందనుకున్నా. “ఎన్ని రోజులు?” అని మాత్రం అడిగింది. చెప్పా. కాగితం కొట్టేసి కొత్తది తీసుకుంది. 75 రాసింది. “ఇప్పుడు చెప్పావు కాబట్టి సరిపోయింది” అంది. ఆ రోజు మాత్రం బయట ఎంతమంది ఉన్నా పట్టించుకోకుండా పావుగంట కూర్చోబెట్టింది. మేస్త్రీ కేక సంగతి ఆవిడ చెప్పిందే.

ఇంకోటి కూడా చెప్పింది. అది వినకపోతే బాగుండేదని చాలా రోజులు అనుకున్నా. కడుపులో బిడ్డకి సొంత థైరాయిడ్ హార్మోన్ తయారవడం సుమారు పన్నెండో వారంలో మొదలవుతుంది. తనకి సరిపడా చేసుకునేసరికి పద్దెనిమిది, ఇరవై వారాలు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదుగుదలకి కావలసిన హార్మోన్ తల్లి నుంచే వెళ్లాలి. అందుకే కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంటికి మామూలుకన్నా ఎక్కువ థైరాక్సిన్ కావాలి. అప్పటికే ఆ మందు వాడుతున్నవాళ్లయితే కడుపు వచ్చిందని తెలియగానే డోసు పెంచాల్సి రావొచ్చు, కాబట్టి మొదటి స్కాను దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి. తల్లికి బాగా తక్కువగా ఉండి, మందు లేకుండా వదిలేస్తే అబార్షన్, నెలలు నిండకుండా కాన్పు, బీపీ లాంటివి వచ్చే ప్రమాదం ఎక్కువ.

నేను మానేసింది తొమ్మిదో వారం చివర్నుంచి పన్నెండో వారం చివరిదాకా. లెక్కేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

“బిడ్డకేమైనా అయి ఉంటుందా మేడమ్?”

“ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో చెప్పే స్కాను ఏదీ లేదమ్మా. నీది మరీ అంత పడిపోయిన కేసు కాదు. ఇలాంటివాళ్లలో చాలామందికి పిల్లలు బానే పుడతారు. ఇప్పట్నుంచి మానకు” అంది. అబద్ధం చెప్పి ఊరడించలేదు. అందుకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇంటికొచ్చేదాకా బండి మీద మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గేటు దగ్గర దిగాక, “నాకైనా చెప్పొచ్చు కదా” అన్నాడు. అంతే అన్నాడు. ఆ రాత్రి ఫోన్లో రోజూ పొద్దున ఐదున్నరకి అలారం పెట్టుకున్నాడు. తనకి కాదు, నాకు.

ఆ తర్వాత ఇంట్లో చాలా మారింది. బిళ్ళ నీళ్లతోనే వేసుకోవాలి, కాఫీతో కాదు. వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా ఆ తర్వాతే. నాకిది పెద్ద శిక్ష, మా ఇంట్లో కళ్లు తెరవగానే ఫిల్టర్ కాఫీ ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లకి ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఇది ఒంటికి సరిగా పట్టదు. నేను మొదటి పది రోజులూ మూడూ కలిపి గుప్పెట్లో పోసుకుని మింగేశా, ఒకేసారి పనైపోతుందని. బయోటిన్ గమ్మీల సంగతి కూడా అప్పుడే బయటపడింది. బయోటిన్ కొన్ని రకాల టెస్టుల్లో థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేసి చూపిస్తుందట. జుట్టుకోసం అలాంటివి వాడుతుంటే టెస్టుకి ముందే డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడకండి.

ఉప్పు కూడా మారింది. అత్తయ్య ఏదో వీడియో చూసి అంతకు ముందే సైంధవ లవణానికి మారిపోయింది. అయోడిన్ కలపని ఉప్పు అది. కడుపుతో ఉన్నప్పుడు రోజుకి 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నా జబ్బు అయోడిన్ వల్ల వచ్చింది కాదు, యాంటీబాడీల వల్ల వచ్చింది. అయినా బిడ్డ థైరాయిడ్ పనిచేయాలంటే అయోడిన్ ఉండాలిగా. అత్తయ్యకి ఎలా చెప్పాలా అని చూస్తుంటే ఒక మంచి సంగతి దొరికింది. ఉప్పులో అయోడిన్ కలిపితే గొంతువాపు తగ్గుతుందని మన దేశంలో రుజువు చేసినవాళ్లలో ముఖ్యుడు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాచల్ వైపు కాంగ్రా లోయలో కొన్ని ఊళ్లకి అయోడిన్ ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి పోల్చి చూశారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అత్తయ్యది విజయనగరం. “మన పక్క జిల్లాయనే!” అంది. మర్నాడు వంటింట్లో మామూలు అయోడిన్ ఉప్పు ప్యాకెట్ కనిపించింది. నేను వంద చెప్పినా వినేది కాదు. (అలాగని అయోడిన్ చుక్కలూ బిళ్ళలూ సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. ఎక్కువైనా చేటే.)

క్యాబేజీ, కాలీఫ్లవర్ ముట్టొద్దని పదిమంది చెప్పారు. అయోడిన్ ఉప్పు వాడేవాళ్లు ఉడికించి మామూలుగా తింటే ఏం కాదని డాక్టరు చెప్పింది. క్యాబేజీ పెసరపప్పు కూర హాయిగా తిన్నా.

ఇంకో మాట. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన కూర్చున్న అమ్మాయికి నాకు పూర్తిగా రివర్స్. వాంతులు ఆగక బరువు తగ్గిపోయింది, టీఎస్‌హెచ్ అసలు లేనట్టే వచ్చింది. గర్భం నిలిచాక పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ కూడా థైరాయిడ్‌ని కొంత తట్టి లేపుతుంది. అందువల్ల మొదటి మూడు నెలల్లో అలా తగ్గడం కొందరిలో మామూలే. వాళ్లకి మందు లేకుండానే సర్దుకోవచ్చు. కానీ గుండెదడ, చేతులు వణకడం, కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టుండడం ఉంటే అది నిజంగా థైరాయిడ్ ఎక్కువవడం కావొచ్చు, దాని మందులు వేరు. ఒకరి బిళ్ళ ఇంకొకరు వేసుకునే జబ్బు కాదిది. అలాగే 2.8 వచ్చిందని ఏడుస్తూ ఒక ఫ్రెండ్ ఫోన్ చేసింది. మొదటి మూడు నెలల్లో 2.5 దాటకూడదని ఒకప్పుడు గట్టిగా అనేవారు. 2017లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ దాన్ని సడలించింది. స్థానికంగా లెక్కలు లేనిచోట సుమారు 4 దాకా చూడొచ్చంది. అంకె ఒక్కటే చూసి భయపడక్కర్లేదు, యాంటీబాడీలూ పాత చరిత్రా కలిపి డాక్టరు చూస్తుంది.

నాకు నెల తర్వాత 3.9కి, ఆ పై నెల 2.1కి దిగింది. ఆగస్టులో ఒకరోజు నిద్రలేచి ఫ్యాన్ స్పీడు పెంచమన్నా. మా ఆయన నా వంక విచిత్రంగా చూశాడు. ఏడాదిన్నరలో నాకు ఉక్కపోయడం అదే మొదటిసారి.

ఒంట్లో బాగున్నా మనసులో ఆ 23 రోజులు అలాగే ఉండిపోయాయి. ఐదో నెల స్కానింగ్‌లో చేతులు, కాళ్లు, గుండె, వెన్నెముక అన్నీ బాగున్నాయన్నారు. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను ఊపిరి బిగబట్టా. అది నాకు కావలసిన జవాబు చెప్పే స్కాను కాదని తెలుసు. అయినా ఆ తెర వంకే చూశా.

డిసెంబర్ చివర్లో పాప పుట్టింది. మూడో రోజు మడమ మీద సూదితో గుచ్చి నాలుగు చుక్కల రక్తం కాగితం మీద తీసుకున్నారు. పుట్టగానే పిల్లల టీఎస్‌హెచ్ ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి రెండు రోజులు దాటాక చేస్తారు. పిల్లకి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంటే ఈ టెస్టులో దొరుకుతుంది, మొదటి రెండు వారాల్లోనే మందు మొదలెడితే మెదడు దెబ్బతినకుండా కాపాడొచ్చు. మన దగ్గర అన్నిచోట్లా అడక్కుండా చేయరు. మీరే అడగండి. పాప గుక్కపెట్టి ఏడ్చింది. నేను దానికన్నా ఎక్కువ ఏడ్చా. రిపోర్టు నార్మల్ అని వచ్చింది.

కాన్పు అయ్యాక నా డోసు 50కి తగ్గించారు, ఆరు వారాలకి మళ్లీ టెస్టు చేశారు. పాలిచ్చినా ఈ బిళ్ళ మానక్కర్లేదు. యాంటీబాడీలున్నవాళ్లకి కాన్పైన ఏడాదిలోపు థైరాయిడ్ మళ్లీ తిక్కవేషాలు వేయొచ్చని ముందే హెచ్చరించారు. నాలుగో నెలలో జుట్టు కుప్పలుగా ఊడింది. “బాలింతవి కదా, అంతే!” అంది అత్తయ్య. పరుగెత్తి టెస్టు చేయించుకున్నా. ఈసారి నిజంగా అంతే.

ఇప్పుడు ఆ ప్రశ్న దగ్గరికి వస్తా. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?

కాన్పుకి అమ్మ వచ్చి ఆస్పత్రిలో నా మంచం పక్కనే ఉంది. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ నా కాగితాలు రాస్తూ మధ్యలో తలెత్తి అమ్మ వంక చూసింది. ఉబ్బిన కనురెప్పలు, బొంగురు గొంతు, స్వెట్టరు, పగిలిన మడమలు. “అమ్మా, మీరెప్పుడైనా థైరాయిడ్ టెస్టు చేయించుకున్నారా?”

“నాకేం జబ్బుంది? నేను ఊరికే కూర్చునేదాన్నే” అంది అమ్మ.

మా అమ్మ నెమ్మది. నా చిన్నప్పట్నుంచీ నెమ్మదే. అన్నం వార్చడానికి లేవాలన్నా గోడ పట్టుకునేది. టీవీ చూస్తూ నిద్రపోయేది. నాన్న ‘నిద్రమొద్దు’ అని పేరు పెట్టాడు. మేమూ నవ్వేవాళ్లం. తోడికోడళ్లు ‘ఒళ్లు వంగదు’ అనేవాళ్లు. నేను పుట్టకముందు రెండు కడుపులు పోయాయి అమ్మకి. అవి దేనివల్ల పోయాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

అమ్మ టీఎస్‌హెచ్ 62 వచ్చింది.

రిపోర్టు చదివి, మేస్త్రీ సంగతంతా వివరంగా చెప్పా. పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ వింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెయ్యి ఆపి, “అంటే నాది బద్ధకం కాదా?” అని అడిగింది.

నాకు జవాబు గొంతులో అడ్డంపడింది. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

పాపకి ఇప్పుడు పద్నాలుగో నెల. బోర్లాపడ్డ రోజు, కూర్చున్న రోజు, మొదటిసారి ‘త్తా’ అన్న రోజు, అన్నీ ఫోన్లో తేదీలతో సహా రాసి పెట్టుకున్నా. అందరూ ముద్దుకి రాసుకుంటున్నాననుకుంటారు. నేను వ్యాక్సిన్ కార్డు వెనకున్న పట్టికతో పోల్చి చూసుకుంటా. ఇప్పటిదాకా అన్నీ సమయానికే. పోయిన వారం గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది. అదీ రాశా.

పొద్దున్నే ఐదున్నరకి అలారం మోగుతుంది. పాప కదలకుండా మెల్లగా లేచి బిళ్ళ వేసుకుంటా. ఐదు నిమిషాలకి తెనాలి నుంచి ఫోన్.

“వేసుకున్నావా?”

“వేసుకున్నా. నువ్వో?”

“నేనెప్పుడో వేసుకున్నా. మీ నాన్నే నీళ్లు తెచ్చిచ్చాడు. నిన్న మేడమీద బట్టలు నేనే ఆరేసుకొచ్చా తెలుసా, ఎక్కడా ఆగకుండా. కాఫీకి ఇంకా ఎంతసేపుందే?”

“ఇరవై నిమిషాలు.”

“అబ్బా” అంటుంది. ఆ ఇరవై నిమిషాలూ ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం.